"ఒక్క మాట అడిగితే పోయేదిగా" అని పాఠకుడు అన్నప్పుడు

మీ ప్రశ్న ఒకసారి, కథ మూడుసార్లు చదివాను. మిగతావాళ్ళకి అర్థం కావాలి కాబట్టి ముందు మీరు రాసిన కథ సంగతి క్లుప్తంగా చెప్తాను. చెన్నై వేళచ్చేరిలో అద్దె ఫ్లాటు. పెళ్ళై ఆరేళ్ళు. భర్తకి ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అది పోయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రోజూ ఎనిమిదిన్నరకి లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయల్దేరి, బెసెంట్ నగర్ బీచ్‌లో సాయంత్రం దాకా కూర్చుని వస్తాడు. రెండో నెలలో అతని పాత స్నేహితుడి భార్య ఫోన్ చేస్తే ఆమెకి విషయం తెలుస్తుంది. తెలిసీ అడగదు. కథ ఒక భాగం అతని మనసులోంచి, ఒక భాగం ఆమె మనసులోంచి నడుస్తుంది. చివర్లో ఒక వానరాత్రి ఇద్దరూ అన్నీ చెప్పేసుకుని, ఏడ్చి, దగ్గరవుతారు. మీరు కథ చదివి వినిపిస్తే ముగ్గురు స్నేహితులూ ఒకటే మాట అన్నారు: "ఒక్క మాట అడిగితే పోయేదిగా!" దానికి మీ దగ్గర జవాబు లేకపోయింది. భార్యాభర్తల మధ్య మాటలు కరువైన కథని మంచి రచయితలు ఎలా రాశారు, మీ కథ ఎక్కడ తప్పింది అని అడిగారు.

నేను చెన్నైలో ఒక కాలేజీలో 30 ఏళ్ళు తెలుగు చెప్పాను. ఇప్పటికీ పానగల్ పార్కు దగ్గర ఒక స్నేహితురాలి ఇంట్లో నెలకోసారి కూర్చుని కథలు చదువుకుంటాం. అక్కడ విన్న కథల్లో సగానికి సగం మొగుడూ పెళ్ళాల కథలే. వాటిలో చాలావాటికి తగిలిన దెబ్బే మీ కథకీ తగిలింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ స్నేహితుల మాటని కొట్టిపారెయ్యకండి. కథ గురించి పాఠకుడు చెప్పగలిగిన వాటిలో అంతకంటే నిజాయితీ గల మాట లేదు. ఆ మాటలో రెండు ఫిర్యాదులున్నాయి. మొదటిది, ఒక్క ప్రశ్నతో విడిపోయే ముడి మీద పది పేజీల కథ నిలబడదు. అలాంటిదాన్ని అపార్థం అంటాం. అపార్థంతో హాస్యకథ బాగా నడుస్తుంది. మనసు పట్టేసే కథ నడవదు. రెండోది ఇంకా ముఖ్యం, మీరు గమనించినట్టు లేదు. అతనేం అనుకుంటున్నాడో ఒక పేజీలో చెప్పారు, ఆమేం అనుకుంటోందో తర్వాతి పేజీలో చెప్పారు. ఇద్దరి గుండెల్లో ఉన్నదీ తెలిసిపోయిన ఒకే ఒక్క మనిషి పాఠకుడు. అతనికి ఆ ఇద్దరి మౌనమూ మొండితనంలా కనబడుతుంది. పక్కన నిలబడి చూసేవాడికి ఓపిక ఉండదు కదా.

మన తెలుగు కథ మొదలే మొగుడూ పెళ్ళాల మధ్య మాట లేని ఇంట్లో మొదలైంది. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' తీసుకోండి. అర్ధరాత్రి దాటాక గోపాలరావు సానిపిల్ల పాట విని ఇంటికొస్తాడు. తలుపు తడతాడు, ఎవరూ పలకరు. లోపలికెళ్తే మంచం మీద భార్య ఉండదు, ఆమె రాసిన ఉత్తరం మాత్రం గదిలో దొరుకుతుంది. మనం ఆ కథంతా గోపాలరావు వెనకాలే తిరుగుతాం. కమలిని ఏమనుకుంటోందో మనకి ఉత్తరంలో ఉన్నంతే తెలుసు. ఆమె ఎక్కడుందో కూడా తెలీదు, చివర్లో మంచం కింద నుంచి నవ్వు వినబడేదాకా. ఆ కథ చదివి ఎవరూ "అడిగితే పోయేదిగా" అనరు. ఎందుకంటే ఏం అడగాలో గోపాలరావుకి ఎంత తెలుసో మనకీ అంతే తెలుసు.

ఆ ఉత్తరంలోనే మీ కథకి కావలసిన తాళంచెవి ఉంది. పదిరాత్రులుగా ఆయన ఇంటికి సరిగ్గా రావడం లేదు, ఏవో గొప్ప పనుల పేరు చెప్తున్నాడు. కమలిని ఆయన్ని తిట్టదు. నేను ఇంట్లో ఉండబట్టే కదా మీరు అబద్ధాలాడాల్సి వస్తోంది, అందుకే పుట్టింటికి పోతున్నాను అని రాస్తుంది. ఎంత సూక్ష్మమైన చూపో చూడండి. భార్య ఎదురుగా ఉండటమే భర్త చేత అబద్ధం చెప్పిస్తోంది. అడిగేవాళ్ళు లేకపోతే అబద్ధం అక్కర్లేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి, మీ కథ దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ దీని అవసరం ఉంది.

ఇదే పద్ధతి బయటి కథల్లోనూ చూస్తాం. జేమ్స్ జాయిస్ 'ద డెడ్' (1914లో వచ్చిన 'డబ్లినర్స్' సంపుటిలో చివరి కథ) లో గేబ్రియల్, తన భార్య మెట్ల మీద నిలబడి ఎవరో పాడుతున్న పాట వింటుంటే కింద నుంచి చూస్తాడు. ఆమె మొహంలో కనబడ్డదాన్ని తనమీద ప్రేమ అనుకుని, హోటలు గది చేరేదాకా మురిసిపోతూనే ఉంటాడు. ఆమె నిజంగా తలుచుకుంటున్నది పదిహేడేళ్ళకే చచ్చిపోయిన ఒక కుర్రాణ్ణి. ఆ సంగతి గదిలోకి వెళ్ళాకే గేబ్రియల్‌కి తెలుస్తుంది, మనకీ అప్పుడే తెలుస్తుంది. అతను పొరబడ్డంతసేపూ మనమూ పొరబడతాం. అందుకే అతన్ని తెలివితక్కువవాడు అనలేం. హెమింగ్వే అయితే, 1927లో రాసిన 'హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్' లో, ఇద్దరిలో ఎవరి మనసులోకీ వెళ్ళడు. స్పెయిన్‌లో ఒక రైల్వే స్టేషను, నలభై నిమిషాల్లో రాబోయే మాడ్రిడ్ రైలు, ఒక జంట, బల్ల మీద బీరు గ్లాసులు. వాళ్ళు మాట్లాడుకుంటున్నది గర్భస్రావం గురించి. ఆ మాట కథలో ఒక్కసారి కూడా రాదు.

ఇక్కడ మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. ఆ హెమింగ్వే జంట నోరు మూసుకుని కూర్చోదు. కథంతా మాటలే. అతను ఆ పని ఎంతో సులువని, నీకిష్టం లేకపోతే వద్దని, మళ్ళీ ఎంతో సులువని చెప్తూనే ఉంటాడు. చివరికి ఆమె, దయచేసి మాట్లాడటం ఆపుతావా అంటూ ఆ 'దయచేసి' అన్న మాటని వరసగా ఏడుసార్లు అంటుంది. మీ కథలో మాటలు లేకపోవడం అంటే మౌనం అనుకున్నారు. ఇద్దరూ సోఫాకి చెరో చివర కూర్చుని ఫోన్లు చూసుకుంటారు, గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంది. అది నేను వందసార్లు చదివిన దృశ్యం. నిజంగా ఏదో దాచుకున్న మొగుడూ పెళ్ళాలు మామూలు కంటే ఎక్కువ మాట్లాడతారు. గ్యాస్ బుక్ చేశావా, మీ అమ్మకి ఫోన్ చేశావా, కింద ఇంటివాళ్ళ బాబుకి జ్వరమట, కరెంటు బిల్లు ఎంతొచ్చింది. అసలు మాట చుట్టూ ఇంకో వంద మాటల కంచె కడతారు. ఆ కంచె రాయండి.

ఈ విషయంలో తెలుగు మనకిచ్చిన సౌకర్యం చిన్నది కాదు. అలక, ముభావం, ముక్తసరి, ఎడమొహం పెడమొహం, సాధింపు, దెప్పిపొడుపు. ఇవన్నీ భార్యాభర్తల మధ్య మాట సరిగ్గా నడవకపోవడానికి మనకున్న మాటలే, కానీ ఏ రెండూ ఒకటి కావు. అలకలో నమ్మకం ఉంది. వచ్చి బతిమాలతాడన్న ధైర్యం ఉన్నవాళ్ళే అలుగుతారు. పారిజాతాపహరణంలో సత్యభామ కృష్ణుడి తల తన్నేదాకా పోయిందంటే, అతను ఎక్కడికీ పోడన్న ధీమా వల్లే. పెళ్ళిలో అలకపాన్పు ఎక్కే కొత్తల్లుడిదీ అదే ధీమా. ముభావంలో ఆ ధైర్యం లేదు. ముభావంగా ఉన్న మనిషి బతిమాలించుకోవాలనుకోడు, వదిలెయ్యమంటాడు. ముక్తసరిగా మాట్లాడేవాళ్ళు అడిగినదానికి సరిపడా జవాబు చెప్తారు, ఒక్క మాట ఎక్కువ ఇవ్వరు. సాధింపులో మాటలకి లోటే లేదు, అసలు విషయం తప్ప. మీ కథలో ఆమె మొదటి పేజీలో అలిగింది, మూడో పేజీలో ముభావంగా ఉంది, ఐదో పేజీలో సాధించింది. ఇవి మూడు వేర్వేరు మనస్తత్వాలు. ఒకదానిలోంచి ఇంకోదానిలోకి జారితే ఆ జారడమే కథ అవుతుంది, కానీ ఆ జారిన క్షణం కనబడాలి. మీ కథలో ఆమె ఏది అవసరమైతే అది అయిపోయింది.

పిలుపుల సంగతి కూడా చూసుకోండి. కమలిని ఉత్తరం "అయ్యా" అని మొదలవుతుంది. గోపాలరావుకి మొదట తగిలేది ఆ మాటే. 'ప్రియా' పోయి 'అయ్యా' వచ్చిందే అని బాధపడతాడు. పక్కనున్న నౌకరు రాముడికి అది 'పెయ్య' పోయిందని వినబడుతుంది. నవ్వొస్తుంది కానీ, ఇంటి యజమాని గుండె పగులుతున్నప్పుడు ఇంకో మనిషికి అది దూడ పోయినట్టు వినబడటంలో ఎంత ఒంటరితనం ఉందో చూడండి. వందేళ్ళు దాటినా ఆ పరికరం ఇంకా పదునుగానే ఉంది. మీ జంట నువ్వూ నువ్వూ అనుకునే ఈ తరం జంట. అలాంటి ఇంట్లో ఒకరోజు ఆమె "మీరు తినేసి పడుకోండి" అంటే చాలు, పేజీడు వర్ణన అక్కర్లేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. భర్తని అడిగితే ఆయనకి అది సమస్యలా కూడా అనిపించదు, 'ఏమోయ్' అని పిలిస్తే పలుకుతోంది కదా. ఆ ఇంట్లో దెబ్బలాట లేదు, కోపం లేదు, అబద్ధం కూడా లేదు. అయినా అంతకంటే పెద్ద అగాధం నాకు ఏ కథలోనూ కనబడలేదు. మీరు తప్పక చదవాల్సిన కథ అది. పైన చెప్పిన వాటిలో గోపాలరావు, గేబ్రియల్ ఇద్దరూ మగవాళ్ళే, వాళ్ళ వెనకే నడిచాం. భార్య తలలోంచి చూస్తే ఇల్లు ఎలా మారిపోతుందో ఈ కథ చూపిస్తుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. కథలో మౌనం గురించి నేను నేర్చుకున్నదాంట్లో సగం అక్కడే నేర్చుకున్నాను.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. పెరంబూరులో ఉండేవాళ్ళం. నాన్న రైలుపెట్టెల ఫ్యాక్టరీలో గుమాస్తా. గూడూరులో మా మేనత్తకి భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. నాన్న నెలనెలా ఆమెకి 25 రూపాయలు మనియార్డరు చేసేవాడు, అమ్మకి చెప్పకుండా. మనియార్డరు అందాక, తీసుకున్నవాళ్ళ సంతకంతో రసీదు ముక్క పంపినవాళ్ళకి తిరిగొచ్చేది. నాన్న ఆ సంగతి మర్చిపోయినట్టున్నాడు. ఒక మధ్యాహ్నం పోస్టుమాను ఆ ముక్క అమ్మ చేతికిచ్చాడు. అత్తకి సంతకం రాదు, వేలిముద్ర ఉంది. అమ్మ ఆ ముక్కని చాలాసేపు చూసింది. సాయంత్రం నాన్న వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక కాఫీ తెచ్చింది. గ్లాసు పెట్టిన డబరా గిన్నె కింద ఆ ముక్క పెట్టింది, తడి అంటకుండా మడిచి. నాన్న డబరా ఎత్తాడు, చూశాడు, జేబులో పెట్టుకున్నాడు. అమ్మ "రేపు బియ్యం అయిపోతాయి" అంది. నాన్న "తెస్తాలే" అన్నాడు.

తర్వాతి నెల కూడా అంతే. డబరా కింద ముక్క, బియ్యమో నూనో గురించి ఒక మాట. పిల్లనైన నాకే ఊపిరాడేది కాదు. ఎందుకు అడగదు ఈవిడ అనుకునేదాన్ని. ఆరేడు నెలలు గడిచాయి. ఉగాది ముందు ఒకరోజు అమ్మ కాఫీ ఇస్తూ "పండగ నెల, ఇంకో పది వేసి పంపండి" అంది. నాన్న "సరే" అన్నాడు. ఆ ఇంట్లో దాని గురించి నేను విన్న మాటలు అవి రెండే.

అమ్మ మొదటి రోజే అడిగి ఉంటే ఏమయ్యేది? నాన్న సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ నెల నుంచీ చెల్లెలికి డబ్బు పంపాలంటే పెళ్ళాం అనుమతి తీసుకోవాలి. అమ్మ ఒప్పుకుంటే దయ చూపించినట్టు, ఒప్పుకోకపోతే రాతిగుండె మనిషి. అడగకపోవడం వల్ల ఆయన ఆయనలాగే ఉండగలిగాడు. అలాగని అమ్మకి కోపం లేదని కాదు. ఆ ఆరు నెలలూ కోపం ఉంది, నాకు తెలుసు, వంటింట్లో గిన్నెలకి తెలుసు. కోపమూ ఆ మర్యాదా రెండూ ఒకే డబరా కింద ఉన్నాయి. కథలో భార్య అడగకపోతే, ఆ అడగకపోవడం ఇలా ఒక పని అయి ఉండాలి. వట్టి లోటులా మిగిలిపోకూడదు.

ఇక మీ కథకి వద్దాం. ఉద్యోగం పోయిన రోజు కంపెనీ ఐడీ కార్డు తీసేసుకుంటుంది. మీ కథలో ఇంటి తలుపు పక్కన మేకుకి బండి తాళాలు వేలాడుతుంటాయని మీరే రాశారు. ఆరేళ్ళుగా అదే మేకుకి ఐడీ కార్డు తాడు కూడా వేలాడి ఉంటుంది. అది ఆ సాయంత్రం నుంచీ ఉండదు. ఇల్లు సర్దే మనిషికి ఆ ఖాళీ మేకు కనబడకుండా ఉంటుందా? రెండో నెలలో ఎవరో ఫోన్ చేసి చెప్పేదాకా ఆమెకి తెలీదంటే నేను నమ్మలేకపోయాను. ఆ ఫోన్ తీసెయ్యండి. ఆమెకి మొదటి రాత్రే తెలుసు. కథ అక్కణ్ణుంచే మొదలవ్వాలి, ఆమె కళ్ళలోంచి మాత్రమే. అతని మనసులోకి ఒక్క వాక్యం కూడా వెళ్ళొద్దు.

దీంతో మీ స్నేహితుల ప్రశ్న మారిపోతుంది. "అడిగితే పోయేదిగా" అన్నవాళ్ళు "తెలిసీ రెండు నెలలు ఎందుకు అడగలేదు" అని ముందుకి వంగి కూర్చుంటారు. దానికి జవాబు కమలిని ఉత్తరంలో ఉంది. అడిగితే అతను అబద్ధం చెప్తాడు. అడగనంత కాలం అతను ఆమెతో అబద్ధం చెప్పలేదు, బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్ళాడు, అంతే. కాబట్టి ఆ రాత్రి నుంచీ ఆమె ఒక ప్రశ్న మానేస్తుంది. ఆరేళ్ళుగా తలుపు తియ్యగానే అలవాటుగా అడిగే "ఆఫీసులో ఏంటి విశేషాలు?" అన్న ప్రశ్న. అది మానేసి "బయట ఎండ ఎలా ఉంది?" అంటుంది. ఆ ప్రశ్నకి అతను నిజం చెప్పగలడు. ఆమె అతన్ని కాపాడుతోందో, తనని తాను కాపాడుకుంటోందో నాకు తెలియక్కర్లేదు. మీకు మాత్రం తెలిసి ఉండాలి. ఒకప్పుడు ఆమె ఉద్యోగం మానేసినప్పుడు అతను ఏమీ అడక్కుండా ఊరుకున్నాడా? అది దయ అనుకుందా, లెక్కలేనితనం అనుకుందా? అది తేల్చుకుని రాయండి, కథలో ఒకటి రెండు వాక్యాలకి మించి పెట్టకండి.

తర్వాత టిఫిన్ బాక్సు. మీరు దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. ఆఫీసులో అయితే మైక్రోవేవ్ ఉంటుంది, సాంబారన్నం వేడి చేసుకుని బల్ల మీద పెట్టుకుని తింటాడు. బీచ్‌లో ఒడిలో పెట్టుకుని తినాలి. గాలికి ఇసుక పడుతుంది. ఈ సంగతి తెలిసిన భార్య ఏం కడుతుంది? ఇలా ఊహించి చూడండి:

"ఇవాళ కూడా పులిహోరేనా?"

"ఎండలు కదా. పెరుగన్నం పులిసిపోతుంది."

"ఆఫీసులో ఏసీ ఉంటుందిగా."

"ఆ. ఉంటుంది."

అతను బాక్సు తీసుకుని బ్యాగులో పెట్టబోయాడు. పక్క అరలో రెండు నీళ్ళ సీసాలున్నాయి.

"రెండెందుకు?"

"ఒకటి చాలట్లేదు కదా, వచ్చేసరికి నోరు ఎండిపోయి ఉంటోంది."

అతను కాసేపు ఆ సీసాల్ని చూశాడు. తర్వాత జిప్పు వేశాడు.

ఇందులో ఆమె ఒక్క అబద్ధం చెప్పలేదు, అడగాల్సింది అడగలేదు. ఆమెకి తెలుసని అతనికి తెలిసిపోయింది, ఆ జిప్పు వేసిన క్షణంలో. ఇక అక్కణ్ణుంచి ఇద్దరూ తెలిసే నడుస్తారు. ఇప్పటివరకూ అతను దాస్తున్నాడు, ఆమె దాచనిస్తోంది. ఇకమీద ఇద్దరూ కలిసి దాస్తారు, ఒకరి దగ్గర ఒకరు. పది పేజీల కథకి కావలసిన బరువు అక్కడుంది. నేను రాసిన ఈ నాలుగు మాటలే వాడాలని లేదు, మీ వంటింటి మాటలు మీకుంటాయి. చేత్తో పట్టుకోగలిగే వస్తువు ఒకటి ఇద్దరి మధ్యా తిరగాలి, అంతే.

ముగింపు గురించి గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆ వానరాత్రి దృశ్యం తీసెయ్యండి. 2015 డిసెంబరు వరదల తర్వాత రెండేళ్ళపాటు మా దగ్గరికి వచ్చిన కథల్లో వాన పడేది, కరెంటు పోయేది, భార్యాభర్తలు కొవ్వొత్తి వెలుగులో మనసు విప్పుకునేవారు. రాసినవాళ్ళలో కొందరు నిజంగా వేళచ్చేరిలో మెడలోతు నీళ్ళలోంచి బయటపడ్డవాళ్ళు, వాళ్ళ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ మనసు విప్పి మాట్లాడుకుంటే అన్నీ చక్కబడతాయన్న నమ్మకం కథని చాలా తేలిక చేసేస్తుంది. ఝుంపా లాహిరి 'ఎ టెంపరరీ మ్యాటర్' చదవండి. ఆమె 1999 సంపుటిలో మొదటి కథ. ఐదు రోజులపాటు రాత్రి ఎనిమిదింటికి గంటసేపు కరెంటు ఉండదని నోటీసు వస్తుంది. బిడ్డ చనిపోయి పుట్టాక ఒకరికొకరు దూరమైపోయిన శోభా, శుకుమార్ ఆ చీకట్లో రోజుకొక రహస్యం చెప్పుకోవడం మొదలుపెడతారు. చదివేవాళ్ళకి ఆశ పుడుతుంది. ఐదో రోజు కరెంటు ముందే బాగైపోతుంది. ఆ రాత్రి దీపాల వెలుగులోనే ఆమె తను వేరే ఇల్లు చూసుకున్నానని చెప్తుంది. అన్ని రోజులూ చెప్పుకున్న నిజాలు ఆ ఒక్క నిజం చెప్పడానికి ఆమె చేసుకున్న సాధన. దానికి బదులుగా అతను, ఆమె ఎప్పటికీ తెలుసుకోవద్దనుకున్న సంగతి చెప్పేస్తాడు, పుట్టింది మగపిల్లాడని. తర్వాత ఇద్దరూ కలిసి ఏడుస్తారు. మాట దొరికింది, మనుషులు దొరకలేదు. లేదా, విడిపోయే ముందు ఒక్కసారి దొరికారు. ఆ కథ చదివి 20 ఏళ్ళు దాటింది, ఏది నిజమో నేనింకా తేల్చుకోలేదు.

మీ జంట విడిపోవాలని నేననడం లేదు. వాళ్ళిద్దరి మధ్యా ప్రేమ ఉంది, మీ రాతలో అది కనబడుతోంది, పోగొట్టుకోకండి. ఆ ప్రేమ ఏడుపుతో రుజువు కానక్కర్లేదు అంటున్నాను. ఒకరోజు అతను పెందలాడే వచ్చి, బాక్సు తనే కడిగి బోర్లించి, "రేపటి నుంచి బాక్సు వద్దులే" అంటే చాలు. ఉద్యోగం దొరికిందా, వెతకడం మానేశాడా, ఇక దాచలేనని ఒప్పుకున్నాడా? ఆమె ఏమని అర్థం చేసుకుందో ఆమె తర్వాత చేసే పనిలో చూపించండి.

చివరగా మీరు అడిగిన చిన్న ప్రశ్న: వాచ్‌మన్ చేత తమిళం మాట్లాడించవచ్చా అని. మాట్లాడించండి, మన జీవితంలో ఉన్నదే కదా. కానీ అలంకారానికి పెట్టకండి, పని చేయించండి. హెమింగ్వే కథలో స్పానిష్ అతనికి వచ్చు, ఆమెకి రాదు. హోటలావిడతో మాటలన్నీ అతనే నడుపుతాడు. ఆ చిన్న వివరం వల్ల ఎవరు ఎవరి మీద ఆధారపడి ఉన్నారో చెప్పకుండానే తెలిసిపోతుంది. మన చెన్నై ఇళ్ళల్లో ఇది రోజూ ఉన్నదే. పెళ్ళై ఇక్కడికొచ్చిన తెలుగు అమ్మాయికి మొదట్లో లోకమంతా భర్త అనువాదంలోనే అందుతుంది. మా బృందంలో ఒకామె చదివిన కథలో డాక్టరు రిపోర్టులు చూసి "ఇప్పో ఒణ్ణుం సొల్ల ముడియాదు" అంటాడు. ఇప్పుడే ఏమీ చెప్పలేం అని. భర్త ఆమె వైపు తిరిగి "ఏం లేదన్నారు" అంటాడు. ఆ ఒక్క వాక్యానికి మేమందరం కాసేపు మాట్లాడలేకపోయాం.

మీ కథలో కూడా అలాంటి చోటు ఒకటుంది. ఎండ భరించలేక ఒకరోజు అతను మధ్యాహ్నమే తిరిగొచ్చాడనుకోండి. గేటు దగ్గర వాచ్‌మన్ "ఇన్నిక్కి సీక్రమా వందుట్టీంగ, లీవా సార్?" అని అడుగుతాడు, ఇవాళ తొందరగా వచ్చేశారే, సెలవా అని. అతను "ఆమాం, లీవు", అవును సెలవే అంటాడు, మామూలు గొంతుతోనే, ఏమీ దాచుకోనవసరం లేనట్టు. పైన బాల్కనీలో ఆమె బట్టలు ఆరేస్తోంది. ఆమెకి తమిళం రాదన్నది అతని నమ్మకం. కూరగాయల బండి దగ్గర, కార్పొరేషన్ నీళ్ళ కోసం బిందెలు పెట్టే వరసలో, ఎదురింటి బామ్మతో, రెండేళ్ళలో ఆమెకి వచ్చేసింది. అతను ఎప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.